మొదటి రీసెర్చ్ మొదలుపెట్టే ముందు

చిరంజీవి సుజాతకు,

నర్సింగ్ లెక్చరర్‌గా చేరి ఏడాది తిరక్కుండానే రీసెర్చ్ చేస్తానంటున్నావు, చాలా సంతోషమమ్మా. కానీ నువ్వు రాసిన టాపిక్ మాత్రం నాకు నచ్చలేదు. మీ కాలేజీ పిల్లలకే ప్రశ్నాపత్రం ఇచ్చి, పాఠం చెప్పి, మళ్లీ అదే పేపరు ఇచ్చి మార్కులు పెరిగాయని చూపిస్తానన్నావు. పాఠం చెబితే మార్కులు పెరుగుతాయి. అందులో కొత్తగా తెలిసేదేముంది? పైగా మార్కులు వేసే టీచరే అడిగితే ఆ పిల్లలు కుదరదని ఎలా అంటారు? కాగితం మీద సంతకం ఉన్నంత మాత్రాన అది ఇష్టపడి ఒప్పుకున్నట్టు కాదు.

వార్డుకు వెళ్లు. రాత్రిపూట వెళ్లు.

పడక పుండ్ల మీద నా మొదటి స్టడీకి మూడు నెలలు కేస్ షీట్లు ముందేసుకుని లెక్కలు రాసుకున్నాను. రెండు గంటలకోసారి పేషెంటును పక్కకు తిప్పినట్టు ప్రతి గడిలోనూ సంతకం ఉంది. ఒక రాత్రి వార్డులోనే ఉండిపోయాను. ఇద్దరే సిస్టర్లు, ఒక్క మంచం ఖాళీ లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక సిస్టర్ మొదటిసారి కుర్చీలో కూర్చుంది. పది, పన్నెండు, రెండు, నాలుగు గడులన్నీ వరసగా నింపేసింది. నేను వెళ్లి ఓ పెద్దాయన కాళ్ల మీది దుప్పటి తీశాను. మడమ ఎర్రగా కందిపోయి ఉంది. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదు, అంటే పుండు మొదలైనట్టే. మూడు నెలల నా డేటా ఎందుకూ పనికిరాదని అక్కడే తెలిసిపోయింది. ఆ సిస్టర్ మీద కోపం రాలేదు, రాత్రంతా ఆమె పరుగులు చూశాను కదా.

మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బియాట్రిస్ కాలిష్ 2006లో ఈ సంగతే బయటపెట్టారు. చేయలేక వదిలేస్తున్న పనులేమిటని నర్సులనే కూర్చోబెట్టి అడిగారు. పేషెంటును తిప్పడం, నడిపించడం, వేళకు తినిపించడం, ధైర్యం చెప్పడం, ఇలా తొమ్మిది తేలాయి. అంతకుముందు 2002లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లిండా ఐకెన్ బృందం 168 ఆసుపత్రుల్లో పదివేల మందికి పైగా నర్సుల సమాధానాలను ఆపరేషన్ పేషెంట్ల రికార్డులతో కలిపి చూసింది. నర్సు మీద ఒక్క పేషెంటు భారం పెరిగినా, పేషెంట్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది. ఇక్కడొక మాట. అది రెండింటికీ ఉన్న సంబంధం, ఇదే కారణమని రుజువు కాదు. నీ పేపర్లోనూ ఆ తేడా చెరిగిపోనివ్వకు.

నర్సులను అడిగేటప్పుడు పేర్లు రాయించకు. ఎవరేం చెప్పారో ఇన్‌ఛార్జికి తెలిసే దారి ఉంటే నీకు నిజం దొరకదు, వాళ్ల ఉద్యోగానికీ ముప్పు. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ల దగ్గరికి డేటా మొత్తం పోగేశాక కాదు, ముందే వెళ్లు. అంతా అయ్యాక వెళ్తే వాళ్లు కూడా చేయగలిగింది తక్కువ. ఫలితం వచ్చాక జర్నల్‌కు పంపే పనిలో పడి ఆ వార్డును మర్చిపోవద్దు, వాళ్లకు చదివి వినిపించు.

సెలవుల్లోపు అనుమతి తీసుకుని, ఒకే వార్డులో మూడు రాత్రులు కూర్చో. గంట గంటకూ ఏం జరిగిందో, జరగాల్సింది ఏది జరగలేదో నోట్‌బుక్‌లో రాసి ఆ పేజీలు నాకు పంపు. టాపిక్‌కు పేరు తర్వాత పెడదాం.

ఆశీస్సులతో,
మీ మేడమ్