అమ్మలూ, సైటులోంచి పోస్టులు లాగేముందు ఇది చదువు

అమ్మలూ,

మన పర్లాకిమిడి సంఘం సైటులో ఉన్న తెలుగు వ్యాసాలన్నీ ఫోన్ యాప్‌లోకి తెస్తానన్నావని మీ అమ్మ చెప్పింది, ఎంత సంతోషం వేసిందో. ఇక్కడ మన పిల్లలు చాలామంది బళ్ళో ఒడియా చదువుకుని ఇంటికొచ్చి తెలుగు మాట్లాడతారు గాని చదవడానికి చేతిలో తెలుగు ఉండదు, అందుకే ఈ పని బాగా జరగాలని నాకు మహా కోరికగా ఉంది, ఒక్క వ్యాసం కూడా జారిపోకూడదు.

పేజీలు ఒక్కొక్కటీ తెరిచి కాపీ కొట్టే పని పెట్టుకోకు. మన సైటు వర్డ్‌ప్రెస్ మీద ఉంది కదా, 2016 డిసెంబరులో వచ్చిన 4.7 వెర్షన్ నుంచీ దాని లోపలే రెస్ట్ ఏపీఐ, అంటే సైటులో ఉన్నది వేరే ప్రోగ్రాములు అడిగి తెచ్చుకునే దారి, ఉంది, ప్లగిన్ ఏదీ అక్కర్లేదు. సైటు అడ్రస్ తర్వాత డబ్ల్యూపీ హైఫన్ జేసన్, స్లాష్ డబ్ల్యూపీ, స్లాష్ వీ2, స్లాష్ పోస్ట్స్ అని కొడితే పబ్లిష్ అయిన పోస్టులు ప్రోగ్రాములు తేలిగ్గా చదువుకునే రూపమైన జేసన్‌లో వచ్చేస్తాయి, లాగిన్ కూడా అడగదు. డ్రాఫ్టులు, ప్రైవేటువి, రేపటికి షెడ్యూల్ చేసినవి రావు, అది మంచిదే. పాస్‌వర్డ్ పెట్టిన పోస్టయితే టైటిల్ వస్తుంది గాని కంటెంట్ ఖాళీగా వస్తుంది, అది చూసి కోడ్ తప్పనుకుని తల పట్టుకోకు.

మొదటిసారి బ్రౌజర్లో చూసినప్పుడు తెలుగు బదులు బ్యాక్‌స్లాష్, యూ, సున్నా, సీ అంటూ వరసగా కోడ్లు కనబడొచ్చు. అక్షరాలు పాడైపోలేదు, జేసన్‌లో అలాగే పంపుతుంది, పార్స్ చేస్తే, అంటే ప్రోగ్రాముతో చదివిస్తే, చక్కగా తెలుగైపోతుంది. పైథాన్‌లో ఫైలుకి రాసేటప్పుడు మాత్రం ఎన్‌ష్యూర్ ఆస్కీని ఫాల్స్ చెయ్యి, లేకపోతే మళ్ళీ కోడ్లే రాస్తుంది, రేపు ఇంకెవరైనా ఆ ఫైలు తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏమీ చెప్పకుండా అడిగితే అది 10 పోస్టులే ఇస్తుంది, అవి వచ్చాక మిగతావి ఉన్నాయని జేసన్ లోపల ఎక్కడా చెప్పదు, దాంతో చూసేవాళ్ళు అంతే అనుకుంటారు. పర్ పేజ్ అని 100 వరకు పెంచుకోవచ్చు, 101 అంటే ఎర్రర్ ఇస్తుంది. మొత్తం ఎన్నున్నాయో హెడర్లలో, అంటే జవాబుతో పాటు విడిగా వచ్చే వివరాల్లో, ఉంటుంది, ఎక్స్ డబ్ల్యూపీ టోటల్ అనే దాంట్లో పోస్టుల లెక్క, టోటల్ పేజెస్ అనే దాంట్లో పేజీల లెక్క. ఆ రెండూ ముందు రాసిపెట్టుకుని అప్పుడు లూప్ తిప్పు, చివర్లో నీ దగ్గర దిగినవి ఆ టోటల్‌తో సరిపోయాయా లేదా చూడు, ఒక్కటి తగ్గినా మళ్ళీ లాగు. ఉన్న పేజీలకంటే ముందుకి అడిగితే 400 ఎర్రర్ వస్తుంది, దాన్ని చూసి ఆగడం కంటే లెక్క చూసి ఆగడమే పద్ధతి.

ఇంకోటి, మామూలుగా కొత్తవి ముందు వచ్చేలా ఇస్తుంది. నువ్వు మధ్యలో ఉండగా ఎవరైనా కొత్త వ్యాసం పెట్టారనుకో, అన్నీ ఒక మెట్టు కిందకి జరిగి ఒకటి రెండోసారి వస్తుంది, ఎవరైనా ఉన్న వ్యాసం తీసేస్తే నీకు ఒకటి తప్పిపోతుంది. అందుకని ఆర్డర్ బైని ఐడీకి, అంటే ఒక్కో పోస్టుకీ సైటు ఇచ్చే నంబరుకి, ఆర్డర్‌ని ఏఎస్‌సీకి పెట్టుకో, చిన్న నంబరు నుంచి పెద్దదానికి వస్తాయి గనక కొత్తవి మామూలుగా చివర్లో చేరతాయి.

గుర్తుగా ఐడీనే వాడు, స్లగ్, అంటే పోస్టు లింకు చివర టైటిల్ నుంచి పుట్టే ముక్క, వాడకు, మన తెలుగు సైట్లకి ఇది మరీ ముఖ్యం. తెలుగు టైటిల్‌ని స్లగ్ చేసేటప్పుడు ఒక్కో అక్షరం గుర్తు, అంటే గుణింతం, పొల్లు కూడా విడివిడిగా, 9 క్యారెక్టర్లవుతుంది, స్లగ్‌కి ఉన్న చోటు 200. "గిడుగు రామమూర్తి పర్లాకిమిడి రోజులు" అని టైటిల్ పెడితే స్లగ్ "పర్లాకి" దగ్గరే తెగిపోతుంది. ఆయన ఇక్కడ పాఠాలు చెప్పిన మనిషి, సవర భాష మీద పనిచేసిన మనిషి, మనవాళ్ళు ఆయన మీద ఒక్క వ్యాసంతో ఆగుతారా, ఏటా ఆగస్టు 29కి రాస్తూనే ఉంటారు, అన్నీ అలాగే మొదలైతే స్లగ్గులు ఇంచుమించు ఒకేలా ఉండి చివర 2, 3 అని తోకలు తగులుతాయి. ఐడీకి ఆ గొడవ లేదు.

టైటిల్, కంటెంట్ రెండూ రెండర్డ్ అనే దాని లోపల హెచ్‌టీఎంఎల్‌గా వస్తాయి, కొటేషన్ గుర్తులు నంబర్లుగా కనబడితే డీకోడ్ చేసుకో. శుభ్రం చేసేటప్పుడు కనబడని క్యారెక్టర్లన్నీ పీకేసే కోడ్ నెట్‌లో దొరికింది కదా అని పెట్టేయకు, పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా పోతుంది, చదవడానికి అవస్థ అవుతుంది. ఫీచర్డ్ ఫొటోకి ఉత్త నంబరే వస్తుంది, అండర్‌స్కోర్ ఎంబెడ్ అని కలిపితే ఫొటో లింకు, రాసినవాళ్ళ పేరు కూడా వస్తాయి. ఆ పేరు యాప్‌లో టైటిల్ కిందే పెట్టు, పెద్దవాళ్ళు ఎంతో కష్టపడి రాసిచ్చినవి అవి.

రోజూ మొత్తం లాగక్కర్లేదు, మన సంఘం హోస్టింగ్ చిన్నది, దాన్ని కుమ్మేయకు, రిక్వెస్టుకీ రిక్వెస్టుకీ మధ్య ఒకట్రెండు సెకన్లు ఆగు. 5.7 నుంచీ మాడిఫైడ్ ఆఫ్టర్ ఉంది, దాంతో మారినవే అడగొచ్చు, టైమ్ జోన్ తేడాలు మింగకుండా ఒక రోజు వెనక నుంచి అడుగు. తీసేసిన పోస్టులు ఇందులో తెలియవు గాబట్టి వారానికోసారి అండర్‌స్కోర్ ఫీల్డ్స్‌లో ఐడీ ఒక్కటే అడిగి అన్ని పేజీలూ తిప్పి, నీ దగ్గరున్న ఐడీలతో పోల్చుకో.

పాత జానపద కథలు పోస్టుల్లో కనబడకపోతే కంగారు పడకు, వాటిని వేరే పోస్ట్ టైప్‌లో పెట్టి ఉంటారు. అదే వీ2 కింద టైప్స్ అని అడిగితే ఏయే రకాలు బయటికి ఇస్తోందో వస్తుంది, అందులో లేకపోతే సైటు చూసే అబ్బాయికి చెప్పి షో ఇన్ రెస్ట్ ఆన్ చేయించు. ముందు ఆ టోటల్ ఎంతుందో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య