సంధ్యకి, చిన్నోడి 'ర' గురించి

సంధ్యా,

చిన్నోడు ర బదులు ల అంటున్నాడని, ర పలికించడానికి నువ్వు పంపిన ఇంగ్లీష్ మాటల లిస్టు పీడీఎఫ్ చూశానే. ఫామ్ థీమ్ అంట, బొమ్మలు ముచ్చటగానే ఉన్నాయి గానీ బార్న్, ట్రాక్టర్, రూస్టర్ పట్టుకుని మనోడికి ర నేర్పిస్తే వచ్చేది మన ర కాదు. ఇంగ్లీష్ ర కి నాలుక కొన పైన ఎక్కడా తగలదు, మనదానికి పై పళ్ల వెనక చిగురుకి టక్కున ఒక్కసారి తగిలి వదిలెయ్యాలి. పైగా వాళ్ల లిస్టుల్లో కార్, స్టార్ అంటూ చివర్లో ర వచ్చేవి బోలెడు, మన మాటలు చాలావరకు అచ్చుతోనే ఆగుతాయి కదా, అవి మనకి దండగ. వాడికి ఆరో ఏడు కాబట్టి ఇప్పుడు మొదలెట్టడం మంచిదే, మూడేళ్లోడైతే వదిలెయ్ అనేదాన్ని. వస నాకించమని మీ అత్తయ్యగారు అంటున్నారన్నావు, ఆవిడతో వాదన ఎందుకు గానీ దానివల్ల ర రాదు.

ముందు విడిగా ర, రా, అర, ఇరి అనమను. అనలేకపోతే ఏ లిస్టూ పనిచెయ్యదు, ఉన్న తప్పే ఇంకా గట్టిపడుతుంది. ల అనేప్పుడు నాలుక అక్కడే అతుక్కుని పక్కల నుంచి గాలి పోతుంది, ర కి తట్టి వచ్చెయ్యాలి, అద్దం ముందు కూర్చుని నువ్వు చేసి చూపించు.

అది వచ్చాక లిస్టు. అందరూ ముందు థీమ్ అనుకుని తర్వాత మాటలు వెతుకుతారు, దాంతో వంటిల్లు అనగానే పప్పు, గిన్నె, ఉప్పు అన్నీ వచ్చి పడతాయి, వాటిలో ర ఏదీ? ముందు శబ్దం, తర్వాతే థీమ్. మీ వంటింట్లోనే చూడు, కూర, చారు, కారం, పూరి, కీర, బీరకాయ, పెరుగు. ఎనిమిది పది చాలు, అన్నీ వాడు రోజూ తినేవో చూసేవో అయ్యుండాలి, ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకో. రెండు అచ్చుల మధ్య ర ఉన్నవి చాలామంది పిల్లలకి తేలిక, అందుకే రొట్టె, రాగి లాంటివి తర్వాత పెట్టు. రోలు, మిరియాలు, జీలకర్ర మాత్రం ఇప్పుడే వద్దు, ఒకే మాటలో ల, ర రెండూ ఉంటే వాడు తికమకపడి రెండూ కలిపేస్తాడు. కర్ర, గొర్రె, ప్రమిద, చక్రం లాంటివి ఇంకా తర్వాత, దసరా థీమ్ అప్పుడు చూద్దాం.

కార్డు చూపించి అను, అను అని కూర్చోబెట్టకు, రెండో రోజుకే పారిపోతాడు. ఉత్తి గిన్నె, గరిటె ఇచ్చి నువ్వు కస్టమర్‌వి అవ్వు, వాడు హోటల్ వాడు. వాడు "కాలం వెయ్యనా" అంటే "కాలమా? కాలం నా దోసెలో ఎందుకు, నాకు కారం కావాలి" అని నవ్వుతూ అను, అప్పుడు తేడా వాడికే తెలుస్తుంది, నువ్వు తప్పు అని అనక్కర్లేదు. రోజుకి పది నిమిషాలు. మిగతా టైంలో "బీలకాయ" అంటే ఆపి సరిచెయ్యకు, "ఆఁ బీరకాయే, తరుగుదామా" అని నువ్వు సరిగ్గా అనేసి ముందుకెళ్లిపో. భోజనం దగ్గర చుట్టాల ముందు అనిపించడం అస్సలొద్దు, మీ ఆయనకి కూడా చెప్పు.

పదిసార్లలో ఎనిమిది సార్లు సరిగ్గా అంటున్నాడంటే అవే మాటలతో "కారం కూర", "నాకు పెరుగు కావాలి" అని పెంచు, ఆ తర్వాతే కొత్త థీమ్. విడి మాటల్లో ర బాగా అన్నా మామూలు కబుర్లలో మళ్లీ ల అంటాడు, అది మామూలే.

ఒకటి మాత్రం లేట్ చెయ్యకు, చెవుల టెస్ట్, సరిగ్గా వినపడుతోందో లేదో చూడటానికి. జలుబు చేసినప్పుడల్లా చెవి నొప్పి అంటాడన్నావు కదా. ర ఒక్కటే కాకుండా క, గ కూడా పోతున్నా, బయటివాళ్లకి వాడి మాట అర్థం కాకపోయినా ఇంట్లో ప్రాక్టీస్‌తో సరిపెట్టకుండా స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించు. ప్రైవేట్‌లో ఫీజు ఎక్కువనుకుంటే జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల కోసం డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) అని సెంటర్లు పెట్టారు, మీ దగ్గర ఎక్కడుందో కనుక్కో.

లిస్టు రాశాక వాట్సాప్‌లో పెట్టు, ల ఉన్న మాటలు ఏవైనా దూరాయేమో చూసి కొట్టేస్తా.

మీ పెద్దమ్మ