పాత మిషన్ పుస్తకాల ఈడు తెలిసేదెలా?

ప్రశ్న: మా తాతగారి బీరువాలో నెల్లూరు మిషనరీ డౌనీ రాసిన తెలుగు మిషన్ చరిత్ర ‘ది లోన్ స్టార్’ రెండు ప్రతులున్నాయి. ఒకదానిపై ‘అమెరికన్ బాప్టిస్ట్ పబ్లికేషన్ సొసైటీ’ అనీ, ఇంకోదానిపై ‘జడ్సన్ ప్రెస్’ అనీ ఉంది. ఏది అసలుది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: రెండూ అసలువే, రెండూ ఒకే సంస్థవి. మొదటిది 1893 నాటిది, రెండోది 1924ది. కరపత్రాలు వేసి పంచడానికి బాప్టిస్టులు 1824లో వాషింగ్టన్‌లో ‘బాప్టిస్ట్ జనరల్ ట్రాక్ట్ సొసైటీ’ పెట్టారు. రెండేళ్లకే అది ఫిలడెల్ఫియాకు మారింది. 1840లో సండే స్కూలు పనీ నెత్తికెత్తుకుని పేరు పొడుగు చేసుకుంది. ఆ దశాబ్దంలోనే ఆ తోక కత్తిరించి పబ్లికేషన్ సొసైటీగా స్థిరపడింది. 1900 తర్వాత కొన్నాళ్లు ‘గ్రిఫిత్ అండ్ రోలాండ్ ప్రెస్’ పేరుతో పుస్తకాలు తెచ్చింది. బర్మాలో పనిచేసిన అదోనిరాం జడ్సన్ పేరు పెట్టుకున్నది ఆ తర్వాతే. కాబట్టి ముఖపత్రం అడుగున ఉన్న పేరును బట్టి కాలం పట్టుకోవచ్చు. దాని వెనక ఉండే కాపీరైటు ఏడాదిని మాత్రం నమ్ముకోకండి. పాత ప్లేట్లతో మళ్లీ అచ్చేసినా అది మారదు.

చదువుకోవడానికైతే 1924దే మేలు, మరో ముప్పై ఏళ్ల సంగతులు చేరాయి. లోపల పాత రబ్బరు స్టాంపు ఉంటే అదీ చూడండి. ‘ఒంగోలు, నెల్లూరు జిల్లా’ అని ఉంటే ఆ స్టాంపు 1904కు ముందు చేయించిందే అయ్యుంటుంది. ఆ ఏడాది నుంచి 1970 దాకా ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉంది.

ప్రశ్న: మా ఇంట్లో పాత తెలుగు కీర్తనల పుస్తకానికి ముందు పేజీలు పోయాయి. ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? లామినేషన్ చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: చివరి పేజీ అడుగున చూడండమ్మా. అచ్చేసినవారి పేరు, ఊరు పుస్తకంపై ఉండాలని అప్పట్లో 1867 చట్టం చెప్పేది. చాలా ప్రెస్సులు ఆ వరుసను అక్కడ వేసేవి. ‘క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ’ అని కనిపిస్తే 1891కి ముందుది కాదు. వెల అణాల్లో ఉంటే 1957కు ముందుదే అనుకోవచ్చు. ఎన్ని పేజీలు పోయాయో ఫారం అంకె చెబుతుంది. సాధారణంగా 16 పేజీలకోసారి అడుగున ఆ చిన్న అంకె వేస్తారు.

లామినేషన్ వద్దే వద్దు. వేడికి ప్లాస్టిక్ కాగితంలోకి కరిగి పట్టేస్తుంది, మళ్లీ ఊడదు. సెల్లోటేపూ అంతే, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మచ్చగా దిగుతుంది. తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి. మెత్తని కుంచెతో వీపు నుంచి అంచుల వైపు దుమ్ము దులిపి, రెండు అట్టల మధ్య పెట్టి నూలు నాడాతో కట్టండి. రబ్బరు బ్యాండు ఎండకు కరిగి కాగితానికి అంటుకుంటుంది. నాఫ్తలిన్ ఉండలు పేజీలకు తగలకుండా గుడ్డలో మూటకట్టి బీరువా మూలన ఉంచితే చాలు.