జడ్జి కావాలంటే ముందు కింది కోర్టును తెలుసుకోవాలి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ సీఈసీ పూర్తిచేసి, జడ్జినవుతానంటోంది. మా పొలం హద్దుల దావా ఏళ్లుగా వాయిదాల మీద నడుస్తోంది కాబట్టి ఆ రంగంలోకి పంపడానికి నాకు మనసు ఒప్పడం లేదు. కోర్టుల వ్యవస్థ ఎలా ఉంటుంది? అమ్మాయి ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ పొలం దావా వంటివి మొదట విచారణకు వచ్చే కోర్టులోనే మీ అమ్మాయి ఉద్యోగమూ మొదలవుతుంది కనుక అక్కడినుంచే చెబుతాను. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ఏ దావానైనా, దాన్ని విచారించే అధికారం ఉన్న కోర్టుల్లో అన్నిటికంటే కింది స్థాయి కోర్టులోనే వేయాలి. భూమి తగాదా అయితే ఆ భూమి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే వేయాలి. దావా విలువను బట్టి అది జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి కోర్టుల్లో ఒకదానికి చేరుతుంది. మొదటి రెండింటిని మన పెద్దలు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు, సబ్ కోర్టు అనే అంటారు. 2022 జూన్‌లో కొత్త జిల్లాలకు న్యాయ జిల్లాలు ఏర్పడ్డాక ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వాసులకు జిల్లా కోర్టు కోసం వరంగల్ దాకా వచ్చే పని తప్పింది.

మన దేశంలో కేంద్ర చట్టాలకొక కోర్టు, రాష్ట్ర చట్టాలకొక కోర్టు అన్న విభజన లేదు. కింది కోర్టు నుంచి, 2019 జనవరి 1న విడిగా ఏర్పడిన తెలంగాణ హైకోర్టు మీదుగా, సుప్రీంకోర్టు దాకా ఒకటే వరుస. అయితే పైకి వెళ్లేకొద్దీ విచారణ పరిధి కుదించుకుపోతుంది. మొదటి అప్పీలులో సాక్ష్యాన్నీ చట్టాన్నీ రెండింటినీ మళ్లీ పరిశీలిస్తారు గాని, హైకోర్టులో రెండో అప్పీలుకు గణనీయమైన చట్టపరమైన ప్రశ్న ఉండి తీరాలి. కాబట్టి హద్దురాయి ఎక్కడుంది, సంతకం ఎవరిది అన్న సంగతులు చాలామటుకు కింది కోర్టులోనే తేలిపోతాయి. పై కోర్టుల తీర్పులే పత్రికల్లో పతాక శీర్షికలవుతాయి గాని, నా ఉద్దేశంలో న్యాయవ్యవస్థలో అన్నిటికంటే కష్టమైన పని ఈ మెట్టు మీదే జరుగుతుంది.

ఆలస్యానికీ కారణాలు ఇక్కడే కనిపిస్తాయి. సమన్లు అందాలి, ప్రతివాది 30 రోజుల్లో, కోర్టు గడువు పొడిగిస్తే 90 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, తరువాత వివాదాంశాల నిర్ణయం, సాక్షుల విచారణ, క్రాస్ (ఎదుటి పక్షం న్యాయవాది సాక్షిని ప్రశ్నించడం), వాదనలు. హద్దుల తగాదాల్లో కోర్టు స్థలం చూసి రావడానికి ఒక న్యాయవాదిని అడ్వకేట్ కమిషనర్‌గా నియమిస్తే, ఆయన సర్వేయర్‌తో కొలిపించి నివేదిక ఇచ్చేదాకా ఆగవలసిందే. డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే ఉత్తర్వు) వచ్చాక కూడా ఓడినవారు దిగిరాకపోతే అమలు కోసం ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఈపీ) వేయాలి. అందువల్ల మీ దావా నడుస్తున్న తీరును చూసి అమ్మాయిని ఆపకండి. వాయిదా ఎప్పుడివ్వాలో, ఎప్పుడు నిరాకరించాలో తెలిసిన జడ్జిలే ఆ కోర్టులకు కావాలి.

ఇక చదువు సంగతి. న్యాయ కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి అయిదేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. హనుమకొండ సుబేదారిలో కాకతీయ విశ్వవిద్యాలయం న్యాయ కళాశాల ఉంది. అదే ఊళ్లో అదాలత్ అనే చోటి దగ్గరి కోర్టుల సముదాయమూ దూరం కాదు కనుక తీరిక దొరికినప్పుడు అక్కడ విచారణ చూసి రావచ్చు. పట్టా తరువాత, న్యాయవాదులను నమోదు చేసే బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని, అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణురాలు కావాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దరఖాస్తు చేసే నాటికి ఉన్న నిబంధనను నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి. ఆ మూడేళ్లూ హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు వెతుక్కోవడం కంటే, రోజూ సాక్షులను విచారించే సివిల్ న్యాయవాది దగ్గర నర్సంపేటలోనో హనుమకొండలోనో జూనియర్‌గా చేరడం మేలని నా సలహా. ఆ కాలంలో రాబడి స్వల్పం కనుక ఇంటి అండ అవసరం.

ఎంపిక పరీక్షను హైకోర్టు నిర్వహిస్తుంది. ఎంపికైతే మూల వేతనం రూ. 77,840తో మొదలవుతుంది. జూనియర్ సివిల్ జడ్జే సాధారణంగా మెజిస్ట్రేట్‌గా నేర కేసులూ చూస్తారు కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్‌తో పాటు 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన మూడు కొత్త నేర, సాక్ష్య చట్టాలూ చదవాలి. సాక్షి తెలుగులో చెప్పినదాన్ని ఇంగ్లీషులో నమోదు చేయవలసి వస్తుంది కనుక రెండు భాషల్లోనూ రాయడం ఇప్పటినుంచే సాధన చేయించండి. ఎక్కడా ఏడాది పోకపోతే ఆమెకు 26 ఏళ్లు వచ్చేసరికి ఈ పరీక్ష రాయవచ్చు. పెళ్లి మాటలు ఆలోగా వస్తే ఈ లెక్కను అవతలివారికి ముందే చెప్పండి.