అలకపాన్పు ఎక్కే ముందు

పిట్స్‌బర్గ్,
జూలై 6

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నాను. నువ్వు ఏజెంటుగా చూసుకునే కుర్రాడి కోపం నాకు నచ్చింది, అందుకే ఆగాను. నచ్చిన కోపానికి వెంటనే సలహా చెబితే అది సలహా కాదు, ఆజ్యం.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. కుర్రాడు అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్, బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. జట్లు కొత్తవాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో రెండో రౌండ్లో ఎంపికై మూడేళ్లుగా జట్టు బరువంతా మోస్తున్నాడు. నాలుగో ఏడు జీతం కాస్త పెరిగినా అది తొలి ఒప్పందం గీసిన గీత లోపలిదే. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా ఆ ఒప్పందాన్ని తిరగరాయకూడదని నియమం. ఇప్పుడు పూర్తయ్యాయి కాబట్టి జట్టు తలచుకుంటే రాయవచ్చు, కానీ తలచుకోవడం లేదు. అందుకని కొత్త కాగితం వచ్చేదాకా ట్రైనింగ్ క్యాంపు గుమ్మం తొక్కనంటున్నాడు. "న్యాయమే కదా మామయ్యా" అని నువ్వు రాశావు. న్యాయమే. అయితే ఏజెంటు పరీక్ష ప్యాసైన వాడివి, న్యాయం పక్కన క్యాలెండరు కూడా పెట్టుకుని కూర్చోవాలి.

మన పెళ్లిళ్లలో అలకపాన్పు చూశావు కదా. 1979లో నేనూ ఎక్కాను. హెచ్‌.ఎం.టి. గడియారం ఇస్తే గానీ దిగనన్నాను. మీ అత్తయ్య నాన్నగారు నవ్వుతూ లాల్చీ జేబులోంచి డబ్బా తీసి చేతిలో పెట్టారు. ముందే కొని ఉంచుకున్నారట. నా పట్టుదల చూసి ఇచ్చారని చాలా ఏళ్లు మురిసిపోయాను. అప్పటికే తాళి కట్టేశాను, ఇంకో పెళ్లికొడుకును తెచ్చే దారి ఆయనకు లేదు, అంతే. ఫుట్‌బాల్‌లో పక్క గదిలో రెండో పెళ్లికొడుకు బట్టలు కట్టుకుని సిద్ధంగా ఉంటాడు. అతని జీతం కూడా తక్కువ.

ఈ ఊళ్లోనే చూశాను ఆ ముచ్చట. 2018లో మా స్టీలర్స్ జట్టులో లెవియన్ బెల్. అంతకు ముందు సీజన్లో పరుగులూ క్యాచ్‌లూ కలిపి 406 సార్లు బంతి అతని చేతికి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వంద కిలోల పైబడిన మనుషులు మీద పడతారని గుర్తుంచుకో. అలాంటి వాడికి జట్టు వరుసగా రెండో ఏడు ఫ్రాంచైజీ ట్యాగ్ తగిలించింది, అంటే ఒప్పందం ముగిసినవాణ్ణి ఇంకో ఏడాది తన దగ్గరే కట్టేసుకోవడం: ఒక్క ఏడాదికి కోటి 45 లక్షల డాలర్లు. తనకు కావలసింది ఒక్క ఏడాది జీతం కాదు, మోకాలు పోయినా చేతికందే గ్యారంటీ అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు, ఈనాటికీ నాది అదే అభిప్రాయం. సంతకం పెట్టలేదు. వారానికి 8 లక్షల 55 వేల డాలర్ల చొప్పున వదులుకుంటూ కూర్చున్నాడు.

మా వీధి చివర ఒక పిల్లవాడుండేవాడు. తొమ్మిదేళ్లు. బెల్ 26వ నంబరు చొక్కా తప్ప ఇంకోటి తొడిగేవాడు కాదు. ఆ ఆగస్టులో వాడి ఇంటివాళ్లతో కలిసి లాట్రోబ్‌లో జరిగే స్టీలర్స్ క్యాంపుకు వెళ్లాను. గుట్ట మీద గడ్డిలో కూర్చుని చూస్తాం అందరం. వాడు తాడు దగ్గర నిలబడి మధ్యాహ్నం దాకా ఆ నంబరు కోసం వెతికాడు. అక్టోబరు వచ్చేసరికి అదే చొక్కా వీపు మీద బెల్ పేరు కనబడకుండా తెల్ల ప్లాస్టర్ అంటించి, దాని మీద నల్ల మార్కరుతో "కానర్" అని రాసి ఉంది. అక్షరాలు వంకరగా, చివరికి చోటు చాలక ఇరుక్కుని. క్యాన్సర్‌ను జయించి వచ్చిన జేమ్స్ కానర్, ఈ ఊరి విశ్వవిద్యాలయం కుర్రాడే, బెల్ స్థానంలో పరుగులు తీస్తున్నాడు. ఆ ఏడాది బంతితో చివరి గీత దాకా పరిగెత్తి 12 టచ్‌డౌన్లు చేశాడు. బెల్ బేరం ఎక్కడ పోయిందో నాకు ఆ ప్లాస్టర్ దగ్గర తెలిసింది.

సంతకానికి చివరి గడువు నవంబరు 13 సాయంత్రం 4 గంటలు. అదీ దాటింది. మర్నాడు సహచరులు అతని లాకరు తెరిచి బూట్లు పంచుకున్నారు, నవ్వుకుంటూ, కెమెరాల ముందే. 2019 మార్చిలో న్యూయార్క్ జెట్స్ నాలుగేళ్లకు 5 కోట్ల 25 లక్షలు ఇచ్చింది. స్టీలర్స్ ఇవ్వజూపింది ఐదేళ్లకు 7 కోట్లని పత్రికలు రాశాయి. పై అంకె తగ్గినా గ్యారంటీ సొమ్ము పెరిగింది కదా అని అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లున్నారు, వాళ్ల లెక్క కొట్టిపారేసేది కాదు. అయితే వదులుకున్న కోటీ 45 లక్షలు ఏ లెక్కలోనూ తిరిగి రాలేదు. ఏడాది ఖాళీగా ఉన్న కాళ్లు కూడా మునుపటిలా కదలలేదు. 2020 అక్టోబరులో జెట్స్ వదిలేసింది.

"మరి ఎమిట్ స్మిత్ గెలిచాడు కదా" అంటావని తెలుసు, మీ ఆఫీసులో అందరూ ఆ పేరే చెబుతారు. గెలిచాడు. డాలస్ జట్టు రన్నింగ్ బ్యాక్ అతను. 1993లో అలిగి కూర్చుంటే జట్టు అతను లేకుండా మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది. రెండోది బఫెలో జట్టు చేతిలో, సొంత మైదానంలో. లాకర్ గదిలో సహచరుడు చార్లెస్ హేలీ హెల్మెట్ విసిరి గోడకు కన్నం పెట్టాడు. వారం తిరగకుండా యజమాని నాలుగేళ్లకు కోటి 36 లక్షలు రాసిచ్చాడు. ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము. ఆ సీజన్ చివర అదే బఫెలో మీద సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచారు. కానీ మూడు సంగతులు చూడు. స్మిత్ వరుసగా రెండేళ్లు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ యార్డులు పరిగెత్తినవాడు. అతని పాత ఒప్పందం ముగిసిపోయింది, కాబట్టి రానందుకు జరిమానా వేసే వీలు ఎవరికీ లేదు. మూడోది, పక్క గదిలోని పెళ్లికొడుకు కొత్తవాడు, తడబడ్డాడు. ఈ మూడింట్లో నీ కుర్రాడికి ఉన్నవి ఎన్ని? నువ్వు రాసిన దాన్ని బట్టి మొదటిది సగం, రెండోది సున్నా. మూడోది నీ చేతిలో లేదు, వాళ్ల కోచ్ చేతిలో ఉంది.

ఇప్పుడు అసలు విషయం. దీన్ని రెండుసార్లు చదువు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2020 సామూహిక ఒప్పందం ప్రకారం, ఒప్పందంలో ఉన్న ఆటగాడు క్యాంపులో హాజరు కావలసిన తేదీకి హాజరు కాకపోతే ఆ సీజన్ అతని సర్వీసు లెక్కలోకి రాదు. స్వేచ్ఛగా ఏ జట్టుకైనా వెళ్లాలంటే నాలుగు సీజన్ల సర్వీసు కావాలి. నీ కుర్రాడికి మూడే ఉన్నాయి. అంటే తేదీ దాటాక ఒక్క రోజు ఆలస్యంగా వచ్చినా, ఆ తర్వాత అన్ని మ్యాచ్‌లూ ఆడినా, వచ్చే మార్చిలో అతను మూడేళ్ల సర్వీసు వాడిగానే బజారులోకి వస్తాడు. బయటివాళ్లు ఏ ధర పెట్టినా, "అదే ధర మేమిస్తాం" అని పాత జట్టు లాక్కోవచ్చు. గొలుసు తెంచుకుందామని అలిగి ఇంకో మెలిక వేసుకున్నట్టు అవుతుంది. జరిమానా సంగతి చిన్నది. తొలి ఒప్పందంలో ఉన్నవాడికి జట్టు దయ తలిస్తే మాఫీ చేయవచ్చు. రెండో ఒప్పందంలో ఉన్నవాళ్లకు రోజుకు 50 వేల డాలర్లు, మాఫీ చేసే అధికారం జట్టుకు కూడా లేదు. ఈ నియమాలు రాసినవాడెవడో అల్లుళ్ల చేతిలో బాగా నలిగినవాడై ఉండాలి.

కాబట్టి కుర్రాణ్ణి క్యాంపుకు పంపు. వేళకు, పెట్టెతో సహా, నవ్వుతూ. మీటింగుల్లో కూర్చోమను, బరువులెత్తమను, పక్కన విడిగా పరిగెత్తమను. జట్టంతా కలిసి ఆడే అభ్యాసంలోకి మాత్రం దిగనక్కర్లేదు. దీన్ని ఇప్పుడు హోల్డ్‌ఇన్ అంటున్నారు. మన భాషలో ఒళ్లు దాచుకోవడం. 2021లో మా టీ.జే. వాట్ ఇలాగే చేశాడు. రోజూ వచ్చాడు, రోజూ మైదానం పక్కనే ఉన్నాడు, జట్టు అభ్యాసంలో దిగలేదు. సీజన్ మొదలయ్యే వారంలో 11 కోట్ల 20 లక్షల ఒప్పందం చేతికొచ్చింది. అతను రన్నింగ్ బ్యాక్ కాడు, డిఫెన్స్ వాడు, అతని లాంటివాణ్ణి సంతలో కొనలేరు. అది ఒప్పుకుంటాను. అయినా పద్ధతి పద్ధతే.

నీ కుర్రాడికి దగ్గరి పోలిక కావాలంటే ఇండియానాపొలిస్ రన్నింగ్ బ్యాక్ జోనథన్ టేలర్. అతనూ రెండో రౌండ్ వాడే, అతనిదీ నాలుగో ఏడే. 2023లో యజమానితో మాటలు చెడ్డాయి, వేరే జట్టుకు పంపమని అడిగాడు, ఎవరూ ఇచ్చిపుచ్చుకోలేదు. అయితే ఇంట్లో కూర్చోలేదు. చీలమండ గాయం వాళ్ల జాబితాలో జట్టుతోనే ఉన్నాడు, మొదటి నాలుగు మ్యాచ్‌లు ఆడలేదు, అక్టోబరు 7న మూడేళ్లకు 4 కోట్ల 20 లక్షల మీద సంతకం పెట్టాడు. అందులో గ్యారంటీ 2 కోట్ల 65 లక్షలు.

గ్యారంటీ అనే మాట కుర్రాడికి అర్థమయ్యేలా చెప్పే పని నీది. పత్రికలో వచ్చే పెద్ద అంకె పెళ్లి పందిరి లాంటిది, మూడు రోజుల తర్వాత విప్పేస్తారు. 2019లో డాలస్ రన్నింగ్ బ్యాక్ ఎజికియల్ ఇలియట్ క్యాంపుకు రాకుండా మెక్సికోలో కూర్చుని ఆరేళ్లకు 9 కోట్లు సాధించాడు. గ్యారంటీ 5 కోట్లు. 2023 మార్చిలో జట్టు వదిలేసింది, మిగతా అంకెలు కాగితం మీదే ఉండిపోయాయి. అతను నెగ్గాడనే అంటాను, 5 కోట్లకు నెగ్గాడు. నీ కమీషన్ గరిష్ఠంగా 3 శాతం. పెద్ద అంకె నీ ఆఫీసు గోడకు అందం కాబట్టి నీ మనసు అటే లాగుతుంది. లాగితే లాగనీ, సంతకం మాత్రం చిన్న అంకె చూసి పెట్టించు. ఇంకో రెండేళ్లు ఎక్కువ రాస్తామని వాళ్లంటే మురిసిపోకు. ఇరవై ఏడు దాటిన రన్నింగ్ బ్యాక్‌కు రాసిచ్చే చివరి ఏళ్లు ఎక్కువగా జట్టు సౌకర్యం కోసమే. వీలైతే తక్కువ ఏళ్లు అడుగు, మళ్లీ బజారులోకి రావచ్చు. ఇంకో రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ 2023లో న్యూయార్క్ జెయింట్స్‌లో దిగమింగుకుని ఒక్క ఏడాదికి ఒప్పుకున్నాడు. 2024లో ఫిలడెల్ఫియా వెళ్లి 2,005 యార్డులు పరిగెత్తి, సూపర్ బౌల్ గెలిచి, 2025 మార్చిలో ఏడాదికి 2 కోట్ల పైచిలుకు ఒప్పందం రాయించుకున్నాడు. అందరికీ అలా జరగదులే. బార్క్‌లీ కాళ్లు వేరు.

ఇంకో మాట. బెల్ కథలో అతన్ని ఎక్కువ దెబ్బతీసింది యజమాని కాదు, ముందు నిలబడి దారి చేసే లైన్‌మెన్. తమకన్నా ఎన్నో రెట్లు సంపాదించేవాడు తమను వదిలి వెళ్లాడని పత్రికల వాళ్లతోనే అన్నారు. నీ కుర్రాడి చేత తన జట్టులోని ఐదుగురు లైన్‌మెన్‌కీ ముందుగా ఫోను చేయించు. నువ్వు చేయకు, అతనే చేయాలి. "నేను క్యాంపులో మీతోనే ఉంటాను, నా కాళ్లు మాత్రం సెప్టెంబరు దాకా దాచుకుంటాను" అని చెబితే వాళ్లకు అర్థమవుతుంది. వాళ్లకూ మోకాళ్లున్నాయి. "నాకు గౌరవం ఇవ్వలేదు" అని మాత్రం మైకు ముందు అననివ్వకు. ఆ మాట అన్నాక డబ్బు పెంచినా దిగిరావడానికి మొహం చెల్లదు.

నా సంగతి ఎప్పుడూ చెప్పలేదు నీకు. 1991లో నేను పని చేసే చోట, పేరెందుకులే, ఏడాది చివరి లెక్కలు నేను తప్ప ఎవరూ ముగించలేరని నమ్మి, జీతం పెంచితేనే వస్తానని డిసెంబరు మధ్యలో ఇంట్లో కూర్చున్నాను. తొమ్మిది రోజులు. వంటింట్లో గోడ ఫోను కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. అది రెండుసార్లు మోగింది, రెండూ మీ అత్తయ్య స్నేహితురాళ్లే. పదో రోజు వెళితే రిటైరైన ముసలాయనొకాయన నా బల్ల దగ్గర కూర్చుని, నా పెన్సిలుతో, నా లెడ్జరు ముగిస్తున్నాడు. తప్పుల్లేకుండా. పాత జీతానికే తిరిగి చేరాను. ఎన్నో రోజున దిగిరావాలో ముందే అనుకుని ఉంటే బాగుండేది. నేను ఎక్కడం గురించే ఆలోచించాను.

క్యాంపు తేదీ లోగా కుర్రాణ్ణీ వాళ్ల అమ్మనూ కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద మూడు రాయించు: ఎంత గ్యారంటీకి తక్కువైతే సంతకం పెట్టడు, ఎన్ని మ్యాచ్‌ల జీతం పోయినా ఇల్లు గడుస్తుంది, ఏ తేదీన ఏమీ రాకపోయినా బూట్లు వేసుకుంటాడు. మూడోది వాళ్ల అమ్మ చేతే రాయించు. నకలు ఒకటి నాకు పంపు, వాడు ఎక్కిన రోజు కన్నా దిగవలసిన రోజు నేను గుర్తు చేస్తాను.

ఆ హెచ్‌.ఎం.టి. ఇప్పటికీ నడుస్తోంది, రోజుకు నాలుగు నిమిషాలు వెనక. గోంగూర పచ్చడి సీసా మీ అత్తయ్య సిద్ధం చేసింది. ఆగస్టులో లాట్రోబ్ వైపు వస్తే తీసుకుపో, పార్సిల్లో పంపితే నూనె కారుతుందట.

ఇట్లు
మీ మామయ్య