నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఇంట్లో కూరగాయలు పెంచితే ఖర్చు నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ ఆకుకూరలు, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర మీదే. టమాట, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ మీద మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

కారణం సీజన్. మన దగ్గర ఇంటి టమాట బాగా కాసేది చలికాలంలో. అప్పుడు అంగట్లోనూ టమాట చవకే. వానలు మొదలయ్యే సమయానికి ధర మండిపోతుంది, కానీ 40 డిగ్రీలు దాటిన ఎండకు కుండీలో పూత అప్పటికే రాలిపోయి ఉంటుంది. ఉల్లి, ఆలుకైతే అసలు చోటే చాలదు.

అదే పుంటికూర (గోంగూర) చూడండి. చిటికెడు గింజలు చల్లితే సుమారు నెలకు కోతకొస్తుంది. మొక్కను పీకకుండా కొసలు తుంచితే పక్క కొమ్మలు వేసి మళ్లీ మళ్లీ ఇస్తుంది. ఆ పూట పప్పులోకి కావలసినంతే కోస్తాం కాబట్టి, కొన్న కట్టలో సగం ఫ్రిజ్‌లో వాడిపోయే బాధ ఉండదు. అసలు పొదుపు అక్కడే ఉంది.

చాలామంది పొరబడేది పెట్టుబడి దగ్గర. గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు), కోకోపీట్ (కొబ్బరి పొట్టు), డ్రిప్ సెట్టు కొంటేనే పంట వస్తుందనుకుంటారు. పది, ఇరవై రూపాయల ఆకుకూర కట్టలతో ఆ ఖర్చు ఎప్పటికి తీరాలి? అడుగున చిల్లులు పెట్టిన పాత బకెట్, మట్టి, మాగిన పశువుల ఎరువు చాలు. కొత్తిమీరకు విత్తనాలు కూడా కొనక్కర్లేదు, వంటింటి ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి చల్లితే సరి. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ కొనుక్కునే ఇంట్లో మాత్రం ఆ రెండు నెలలు కుండీలు ఖాళీగా ఉంచడమే లాభం.