వెనుక రంగు మారితే కార్డు నకిలీదేనా?

ప్రశ్న: అమెరికాలో చాలాకాలం ఉద్యోగం చేసి వచ్చిన మా పెదనాన్నగారు తమ పాత ఆల్బమ్‌ను నాకు ఇచ్చారు. అందులో 1952 నాటి టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డులు (ముందు ఆటగాడి బొమ్మ, వెనుక అతని వివరాలు అచ్చువేసినవి) కొన్ని ఉన్నాయి. ఒకే ఆటగాడి కార్డులు రెండు ఉండగా, ముందువైపు బొమ్మలో ఏ తేడా లేదు గానీ వెనుకవైపు అచ్చు ఒకదానిపై ఎర్రగా, మరొకదానిపై నల్లగా ఉంది. వీటిలో ఒకటి నకిలీదని అనుకోవాలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: ఆ ఒక్క కారణంతో అలా అనుకోనవసరం లేదు. ముందుగా కార్డు వెనుక ఉన్న నంబరు చూడండి. మొత్తం 407 కార్డులున్న ఆ సెట్‌లో 1 నుంచి 80 వరకు నంబర్లున్నవాటిని కంపెనీయే ఎరుపు, నలుపు రంగులు రెండింటిలోనూ వేసింది కాబట్టి, మీ కార్డుల నంబరు ఆ లోపుదైతే రెండూ అసలైనవే కావచ్చు. వాటిని విడదీయకుండా జంటగానే దాచండి.

ఈ సెట్‌లో వెనుకవైపును శ్రద్ధగా చదివినవారికి దొరికేది చాలా ఉంది. 48వ నంబరు జో పేజ్‌ది, 49వ నంబరు జానీ సేన్‌ది. మొదట అచ్చయిన కొన్ని నల్ల రంగు కార్డులపై ఒకరి వివరాలు మరొకరి వెనుక పడ్డాయి. ఆ తరువాత కంపెనీ సరిదిద్దింది. తప్పుతో ఉన్న కార్డులు తక్కువగా దొరుకుతాయి గనుక సేకర్తలు వాటికే ఎక్కువ ధర పెడతారు.

ప్రఖ్యాత ఆటగాడు మికీ మాంటిల్‌ది అయిన 311వ నంబరు కార్డు కథ ఇంకా ఆసక్తికరమైనది. వెనుకవైపు నంబరు చుట్టూ గీసిన బంతి మీది కుట్లు కొన్ని కార్డుల్లో కుడివైపుకు, కొన్నింటిలో ఎడమవైపుకు తిరిగి ఉంటాయి. ఈ సెట్‌ను కంపెనీ విడతలుగా వేసింది. చివరి విడతలో 311 నుంచి 407 వరకు ఉన్నవి 97 కార్డులు కాగా, అచ్చు షీటులో నూరు కార్డులకు చోటుంది. మిగిలిన మూడు చోట్లను నింపడానికి మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ కార్డులను రెండేసి సార్లు పేర్చారు. మాంటిల్ కార్డులో కనిపించే రెండు రకాలూ ఆ షీటులోని రెండు స్థానాల నుంచి వచ్చినవే. ప్రెస్సులో షీటు ఎలా పేర్చారో డెబ్బయి ఏళ్ల తరువాత కూడా ఒక చిన్న కుట్టు గీత చెప్పగలగడం నన్ను ఎప్పుడూ ఆనందపరిచే విషయం.

ఇక మీరు నిజంగా జాగ్రత్తపడవలసినది తరువాత వచ్చిన పునర్ముద్రణల విషయంలో. 1983లో టాప్స్ కంపెనీయే ఈ సెట్‌ను మళ్లీ వేసింది. అసలు కార్డు సుమారు 6.7 సెంటీమీటర్ల వెడల్పు, 9.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పునర్ముద్రణ కార్డు 6.35, 8.9 మాత్రమే. స్కేలు పెట్టి కొలిస్తే ఆ సందేహం అక్కడే తీరిపోతుంది. కొలత సరిపోయినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు, ఎందుకంటే ఇతరులు తయారుచేసిన నకిలీలు అసలు కొలతకే ఉండవచ్చు. బంగారు వ్యాపారానికి పేరుపడిన మీ ఊళ్లో కంటికి పెట్టుకొనే భూతద్దం దొరకడం కష్టం కాదు. దానితో వెనుకవైపు అక్షరాల అంచులు చూడండి: అసలు అచ్చులో అక్షరం నిండుగా, ఒకే సిరాతో ఉంటుంది, ఫోటో తీసి వేసిన నకిలీలో అది తరచుగా చిన్నచిన్న చుక్కలుగా చెదిరి కనిపిస్తుంది.

ప్రశ్న: 1969 నాటి టాప్స్ మికీ మాంటిల్ కార్డుల్లో ఇంటిపేరు తెల్లగా ఉన్నది అరుదైనదని విన్నాను. అటువంటిది ఒకటి అమ్మకానికి వచ్చింది. కొనవచ్చునా?
– ఒక పాఠకురాలు, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: మీరు విన్నది నిజమే. 500వ నంబరు గల ఆ కార్డులో ఇంటిపేరు సాధారణంగా పసుపు రంగులో ఉంటుంది. తెలుపు రకం చాలా తక్కువ. ఆ సంవత్సరమే మాంటిల్ ఆట నుంచి విరమించుకున్నందున గిరాకీ మరింత ఎక్కువ. అందువల్లనే పసుపును ఎండలో గానీ మరో విధంగా గానీ పోగొట్టి, తెలుపు రకమని అమ్మేవారు ఉండవచ్చు. నాలుగు రంగుల అచ్చులో ఆకుపచ్చ అనేది పసుపు, నీలం కలిస్తేనే వస్తుంది. కార్డంతా ఎండకు వెలిసిపోయి ఉంటే బొమ్మలోని ఆకుపచ్చ నీలంవైపుకు, చర్మం రంగు గులాబీవైపుకు జరిగి ఉంటాయి. బొమ్మ రంగులు తాజాగా ఉండి పేరు మాత్రమే తెల్లగా ఉన్నా, ఆ అక్షరాల మీద కాగితపు నునుపు చెదిరిందేమో వెలుతురులో కార్డును ఏటవాలుగా పట్టుకొని చూడండి. ఈ పరీక్షలకు అమ్మేవారు ఒప్పుకోకపోతే కొనకండి. కొన్న తరువాత మన ప్రాంతపు ఎండ తగిలే గోడకు మాత్రం తగిలించకండి.